ఛాతీ శస్త్రచికిత్స తర్వాత చర్మాన్ని కాపాడే డ్రెస్సింగులు: ఏ దశలో ఏది నప్పుతుంది

ఛాతీ మీది చర్మానికి పూర్తి విశ్రాంతి దొరకదు. ఊపిరి తీసిన ప్రతిసారీ అది కొద్దిగా సాగుతుంది, దగ్గినప్పుడు ఒక్కసారిగా బిగుసుకుంటుంది, చెయ్యి పైకెత్తితే ఒక పక్కకు లాగుతుంది. ఆపైన లోదుస్తుల అంచులు, చొక్కా గుండీలు, కారులో సీటు బెల్టు దాన్ని ఒరుసుకుంటూనే ఉంటాయి. గుండె ఆపరేషన్ కోసం రొమ్ము ఎముక మీదుగా నిలువుగా పెట్టిన కోత అయినా, ఊపిరితిత్తుల ఆపరేషన్‌లో పక్కటెముకల మధ్య పెట్టిన కోత అయినా, రొమ్ము తొలగించిన చోట మిగిలిన అడ్డగీత అయినా ఈ ఇబ్బంది అన్నింటికీ ఉన్నదే. అందుకే కాలి మీదో చేతి మీదో చక్కగా నిలిచిన పట్టీ ఇక్కడ ఒకటి రెండు రోజులకే అంచులు లేచిపోతుంది, లేదా దాని కింద చర్మం బొబ్బలెక్కుతుంది.

డ్రెస్సింగ్ కొనేటప్పుడు చాలామంది మొదట అడిగేది, ఏది వాడితే చీము పట్టకుండా ఉంటుందని. శుభ్రంగా కుట్టి మూసిన కోత మీద ఒక రకం డ్రెస్సింగ్ మరో రకం కన్నా ఇన్‌ఫెక్షన్‌ను బాగా అడ్డుకుంటుందని చెప్పడానికి గట్టి ఆధారం లేదు. ఎన్నో పరీక్షల ఫలితాలను కలిపి చూసిన కాక్రేన్ సమీక్ష కూడా 2016లో ఈ మాటే చెప్పింది. ఖరీదైనది కొంటే గాయం త్వరగా మానుతుందన్న ఆశను ఇక్కడే పక్కన పెట్టవచ్చు. అలాగని అన్నీ ఒకటే అనుకోవడానికి వీల్లేదు. రసిని ఎంత పీల్చుకుంటుంది, చర్మాన్ని ఎంత గట్టిగా పట్టుకుంటుంది, ఒరిపిడిని ఎంతవరకు ఆపుతుంది, లోపలి గాయం పైకి కనిపిస్తుందా, తీసేటప్పుడు చర్మానికి ఏమవుతుంది అనే విషయాల్లో వీటి మధ్య తేడా చాలా ఉంది, ఎంపిక ఆ తేడాల మీదే జరగాలి. నా దృష్టిలో వీటన్నింటిలోకీ ఎక్కువ బరువైనది చివరిది. కోత సవ్యంగా మానుతున్నా, దాని చుట్టూ ఉన్న మంచి చర్మం టేపుతో పాటు ఊడి వచ్చి బాధపడేవారు తక్కువేమీ కాదు.

మొదటి రెండు రోజులు

కుట్టిన కోత అంచుల మీద కొత్త పైపొర సాధారణంగా 24 నుంచి 48 గంటల్లో అల్లుకుంటుంది. అంతవరకు ఆపరేషన్ గదిలో వేసిన డ్రెస్సింగ్‌ను కదపకపోవడమే మేలు; చూడాలన్న ఆత్రంతో అంచు ఎత్తి చూడటం కూడా వద్దు. అది రసితోనో రక్తంతోనో పూర్తిగా తడిసినా, ఒక పక్క ఊడి వచ్చినా నర్సుకు చెప్పాలి.

ఈ దశలో కొందరికి చిన్న పంపుకు కలిపిన డ్రెస్సింగ్ వేస్తారు. అది గాయం మీద నుంచి రసిని మెల్లగా లాగేస్తూ, కోత రెండు అంచులను దగ్గరగా పట్టి ఉంచుతుంది. మధుమేహం, అధిక బరువు వంటివి ఉండి గాయం విడిపోయే ప్రమాదం ఎక్కువగా ఉన్నవారికి, ముఖ్యంగా రొమ్ము ఎముకను తెరిచిన ఆపరేషన్ల తర్వాత దీన్ని వాడుతుంటారు. సాధారణంగా 5 నుంచి 7 రోజులు ఉంచుతారు. దీన్ని ఎవరికి వాడాలో శస్త్రచికిత్స బృందమే నిర్ణయిస్తుంది.

ఛాతీలో పెట్టిన గొట్టాన్ని తీసేసిన చోటు సంగతి వేరు. అక్కడ డ్రెస్సింగ్ చేసే మొదటి పని బయటి గాలి లోపలికి పోకుండా మూసి ఉంచడం. అందుకని అక్కడ వేసిన బిగుతైన పట్టీని వైద్యులు చెప్పిన గడువు వరకు, అంటే మామూలుగా 2 రోజుల వరకు, తీయకూడదు, మార్చకూడదు, దాని బదులు మరొకటి వేయకూడదు. తర్వాత కూడా ఆ చిన్న రంధ్రం నుంచి లేత పసుపు రంగు రసి ఒకటి రెండు రోజులు కారవచ్చు, దానికి మామూలు గాజుగుడ్డ ప్యాడ్ చాలు. ఉన్నట్టుండి ఆయాసం వస్తే మాత్రం డ్రెస్సింగ్ సంగతి పక్కన పెట్టి వెంటనే అత్యవసర వైద్యానికి వెళ్లాలి.

ఇంటికి వచ్చాక: అసలు డ్రెస్సింగ్ అవసరమా

48 గంటలు దాటి, కోత పొడిగా ఉండి, అంచులు కలిసి ఉంటే చాలామందికి ఏ డ్రెస్సింగూ అక్కర్లేదు. ఇది నమ్మడానికి కొందరికి కష్టంగా ఉంటుంది, కుట్లు కనిపిస్తుంటే ఏదో ఒకటి కప్పకుండా ఉండలేరు. కానీ అవసరం లేని పట్టీని రోజూ అంటించి రోజూ పీకడం వల్ల కోతకు కలిగే మేలు కన్నా చుట్టుపక్కల చర్మానికి జరిగే కీడే ఎక్కువ. కప్పడానికి మూడు మంచి కారణాలు ఉన్నాయి: గాయం నుంచి ఇంకా రసి వస్తుండటం, బట్టలో బెల్టో కుట్లను ఒరుసుకుంటుండటం, కుట్ల చివరలు లేదా స్టేపుల్స్ (కోతను మూసే లోహపు పిన్నులు) బట్టలకు తగులుకుంటుండటం. ఈ మూడింటిలో మీకున్నది ఏదో తేల్చుకుంటే ఎంపిక సగం అయిపోయినట్టే.

గాయాన్ని గాలికి వదిలి ఎండనిస్తేనే మానుతుందన్న మాట కూడా తరచూ వినిపిస్తుంది. 1962లో జార్జ్ వింటర్ అనే పరిశోధకుడు పందుల చర్మం మీద లోతు లేని గాయాలు చేసి చూసినప్పుడు, పలుచని ప్లాస్టిక్ పొరతో కప్పి తేమగా ఉంచినవాటి మీద కొత్త చర్మం, గాలికి వదిలి చెక్కు కట్టినవాటి కన్నా దాదాపు రెండింతల వేగంగా పరుచుకుంది. అయితే ఈ సూత్రం వర్తించేది చర్మం లేచిపోయి పచ్చిగా ఉన్న చోటుకు. కుట్టి మూసిన కోతకు పైపొర అప్పటికే వచ్చేసి ఉంటుంది కనుక దాన్ని తేమగా ఉంచాల్సిన పని లేదు. పైగా రొమ్ముల కింది మడతలో, చంకలో చెమటతో నానితే చర్మం తెల్లబడి మెత్తబడి చిట్లుతుంది. పచ్చిగా ఉన్నచోట తేమ, మూసుకున్నచోట పొడి అని గుర్తుంచుకుంటే పొరపాటు జరగదు.

రకాలు, వాటి మంచి చెడులు

గాజుగుడ్డ, పేపర్ టేపు అన్నింటికన్నా పాతవి, ఇప్పటికీ పనికొచ్చేవి. రసి ఎక్కువగా ఉండి రోజుకొకసారో రెండుసార్లో మార్చాల్సి వస్తే దీన్ని మించినది లేదు. లోపం ఏమిటంటే రసి ఆరాక గుడ్డ గాయానికి అతుక్కుంటుంది, బలవంతంగా లాగితే కొత్త చర్మం దానితో వస్తుంది. అతుక్కున్న గుడ్డను సెలైన్‌తో తడిపి, వదులయ్యే దాకా ఆగాలి. దూదిని మాత్రం నేరుగా గాయం మీద పెట్టకూడదు, దాని పోగులు లోపల ఉండిపోతాయి. అతుక్కోని ప్యాడ్ మధ్యలో ఉండి చుట్టూ జిగురు అంచు ఉన్న రెడీమేడ్ పట్టీలు ఇదే పనిని కాస్త సులువుగా చేస్తాయి. కొంచెం రసి వస్తూ, బట్టలు ఒరుసుకునే నిలువు కోతకు ఇవి సరిపోతాయి. కొనేటప్పుడు కొలత చూసుకోవాలి: కోత మొత్తం ప్యాడ్ కింద ఉండాలి, జిగురు అంచు కుట్ల మీదికి రాకూడదు.

పారదర్శకంగా ఉండే ఫిల్మ్ డ్రెస్సింగ్‌కు రెండు పెద్ద సుగుణాలున్నాయి. కప్పిన గాయాన్ని తీయకుండానే చూసుకోవచ్చు, స్నానం చేసినా నీరు లోపలికి పోదు. చర్మం నుంచి వచ్చే ఆవిరిని బయటికి వదులుతుంది కానీ రసిని పీల్చుకోలేదు. అందుకే రసి కారే గాయం మీద వేస్తే కింద నీటి తిత్తి తయారై చర్మం నానిపోతుంది. ఛాతీ మీద దీంతో వచ్చే చిక్కు మరొకటి ఉంది. ముడతలు పడకూడదని చాలామంది దీన్ని సాగదీసి అంటిస్తారు. సాగిన పొర మళ్లీ తన పాత కొలతకు రావాలని లాగుతూనే ఉంటుంది, ఊపిరితో ఛాతీ వ్యతిరేక దిశలో సాగుతుంది, ఈ రెండింటి మధ్య చర్మం పైపొర లేచి ఫిల్మ్ అంచుల దగ్గర బొబ్బలు వస్తాయి. భుజాలు మామూలుగా వదిలి కూర్చుని, ఫిల్మ్ మధ్య భాగాన్ని ముందు ఆనించి, అక్కడి నుంచి అంచుల వైపు వేలితో నిమురుతూ, ఏమాత్రం లాగకుండా అంటించాలి. ఒకటి రెండు ముడతలు ఉన్నా నష్టం లేదు. పొడిగా ఉన్న చిన్న కోతకు, చర్మం దిటవుగా ఉన్నవారికి ఇది చక్కని ఎంపిక. వయసు పైబడి చర్మం పలచబడినవారికి, చాలాకాలంగా స్టెరాయిడ్ మందులు వాడుతున్నవారికి, ఛాతీ మీద గొరిగిన వెంట్రుకలు మళ్లీ మొలుస్తున్నవారికి దీన్ని నేను సూచించను.

సిలికాన్ అంచు ఉన్న ఫోమ్ డ్రెస్సింగ్ అలాంటివారి కోసమే అనిపిస్తుంది. సిలికాన్ చర్మాన్ని మెత్తగా పట్టుకుంటుంది, తీసేటప్పుడు పైపొరను లాగదు, వెంట్రుకలను పీకదు. అంచు ఎత్తి చూసి మళ్లీ అదే పట్టీని అంటించుకునే వీలు చాలా రకాల్లో ఉంటుంది. మెత్తని మందం వల్ల లోదుస్తుల పట్టీ కింద, సీటు బెల్టు కింద ఒత్తిడి తగ్గుతుంది, ఓ మోస్తరు రసిని కూడా పీల్చుకుంటుంది. రసి అంచుల దాకా రానంత వరకు చాలా రకాలను కొన్ని రోజుల పాటు, కొన్నింటిని 7 రోజుల వరకు ఉంచవచ్చు. ధర ఎక్కువ, గాయం కనిపించదు, బాగా చెమట పట్టేవారికి త్వరగా ఊడిపోతుంది. అయినా ఒరిపిడి కోసమే డ్రెస్సింగ్ వేసుకునేవారు ఒక్కటి మాత్రమే కొనాలంటే నేను దీన్నే చెబుతాను. ఇదే సిలికాన్‌తో వలలా చేసిన పలుచని పొర కూడా దొరుకుతుంది. చర్మం లేచిపోయి పచ్చిగా ఉన్న చోట దాన్ని పరిచి పైన గాజుగుడ్డ వేస్తే, రసి వల రంధ్రాల్లోంచి గుడ్డలోకి పోతుంది, గుడ్డ మార్చినా కింది పొర కదలదు, రోజూ గాయాన్ని కెలికే బాధ తప్పుతుంది.

హైడ్రోకొల్లాయిడ్ పట్టీ రసిని పీల్చి జిగటగా మారుతుంది, చిన్న పచ్చి గాయాలకు బాగుంటుంది. తీసినప్పుడు లోపల పసుపు రంగు జిగురు, ఒక రకమైన వాసన ఉంటాయి. దాన్ని చీము అనుకుని భయపడేవారు చాలామంది. సెలైన్‌తో కడిగాక గాయం ఎర్రగా, శుభ్రంగా కనిపిస్తే అది డ్రెస్సింగ్ జిగురే. కానీ ఈ అనుమానమే ఛాతీ కోత విషయంలో దీనికి ప్రతికూలం. లోపల ఏం జరుగుతోందో కనిపించదు, జిగురు గట్టిది, అందువల్ల పొడవాటి కోతకు నేను దీన్ని ఎంచుకోను. ఇన్‌ఫెక్షన్ అనుమానం ఉంటే అసలే వాడకూడదు.

వెండి, అయోడిన్ వంటివి కలిపిన డ్రెస్సింగులు శుభ్రంగా మూసుకున్న కోతకు మామూలుగా అవసరం లేదు. సముద్రపు నాచు నుంచి చేసే ఆల్జినేట్ వంటివి రసి బాగా కారే, విడిపోయిన గాయాలకు. గాయం విడిపోయాక ఇంట్లో ఎంపిక చేసుకునే ప్రశ్నే లేదు, వైద్యులకు చూపించాలి.

కోతను చర్మపు జిగురుతో మూసి ఉంటే అదే డ్రెస్సింగ్ పని చేస్తుంది. 5 నుంచి 10 రోజుల్లో పొలుసులుగా దానంతట అదే రాలిపోతుంది. దాని మీద టేపు అంటించకూడదు, ఆయింట్‌మెంట్, వాజిలిన్ రాయకూడదు, జిడ్డు తగిలితే జిగురు ముందే కరిగి ఊడుతుంది. సన్నని కాగితం పట్టీలు వేసి ఉంటే వాటినీ పీకకూడదు. లేచిన చివరలను కత్తెరతో కత్తిరించి, మిగతాది దానంతట అదే ఊడే దాకా వదిలేయాలి. 2 వారాలు దాటినా ఊడకపోతే స్నానంలో తడిపి మెల్లగా తీయవచ్చు.

అంటించడం కన్నా తీయడం ముఖ్యం

పట్టీ మూలను పట్టుకుని పైకి ఒక్కసారిగా లాగేయడం అందరికీ అలవాటు. మానుతున్న చర్మానికి అంతకన్నా హాని లేదు. టేపు అంచును లేపి, దాన్ని దాని మీదికే మడిచి, చర్మానికి దగ్గరగా పడుకోబెట్టినట్టు వెనక్కి తీసుకురావాలి. రెండో చేతి వేళ్లతో అప్పుడే విడివడుతున్న చర్మాన్ని కిందికి ఒత్తి పట్టుకోవాలి. వెంట్రుకలు ఎటు వాలి ఉంటే అటే లాగాలి. ఫిల్మ్ పద్ధతి దీనికి భిన్నం: ఒక మూలను లేపి, చర్మానికి సమాంతరంగా పక్కకు సాగదీస్తే జిగురు వదిలేస్తుంది. ఎక్కడైనా మొండికేస్తే గోరువెచ్చని నీటితో తడపవచ్చు, లేదా సిలికాన్‌తో చేసిన జిగురు తొలగించే ద్రవాన్ని వాడవచ్చు. తిరిగి అంటించే ముందు చర్మం మీద స్పిరిట్ లేని బారియర్ ఫిల్మ్ (ఆరాక పలుచని రక్షణ పొరగా మారే ద్రవం) రాసి ఆరనిస్తే, తర్వాతి పట్టీ చర్మాన్ని కాక ఆ పొరను పట్టుకుంటుంది.

చర్మం ఎర్రబడినప్పుడు అది జిగురు పడకనా, ఇన్‌ఫెక్షనా అన్న సందేహం వస్తుంది. ఎరుపు సరిగ్గా టేపు ఆకారంలో, టేపు అంచు దగ్గర గీత గీసినట్టు ఆగిపోయి, దురద, చిన్న నీటి పొక్కులు ఉంటే చాలావరకు జిగురు పడలేదని అర్థం. సిలికాన్‌కు మారాలి, లేదా జిగురే లేకుండా ప్యాడ్‌ను మెత్తని లోదుస్తులతో నిలబెట్టుకోవాలి. ఎరుపు కోత దగ్గర మొదలై ఏ ఆకారమూ లేకుండా బయటికి పాకుతూ, ముట్టుకుంటే వేడిగా, రోజు రోజుకూ నొప్పి పెరుగుతూ ఉంటే ఇన్‌ఫెక్షన్‌ను అనుమానించాలి. చీము, దుర్వాసన, 38 డిగ్రీల సెల్సియస్ దాటిన జ్వరం, కోత విడిపోవడం, తగ్గిన రసి మళ్లీ పెరగడం, దగ్గినప్పుడో కదిలినప్పుడో రొమ్ము ఎముకలో టక్కుమన్న శబ్దం లేదా కదలిక తెలియడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా పట్టీ మార్చి సరిపెట్టుకోకుండా అదే రోజు శస్త్రచికిత్స బృందానికి తెలియజేయాలి. చర్మం పైకి మూసుకున్నంత మాత్రాన కింద ఎముక అతుక్కున్నట్టు కాదు, దానికి 6 నుంచి 12 వారాలు పడుతుంది.

కోత ఉన్న చోటును బట్టి

నిలువు కోతలో ఎక్కువ జాగ్రత్త కావలసింది కింది చివరకు. రొమ్ములు బరువుగా ఉన్న స్త్రీలలో ఆ బరువు రెండు పక్కలకూ లాగడం వల్ల ఒత్తిడంతా అక్కడే పడుతుంది, మడతలో చెమట కూడా అక్కడే చేరుతుంది. ఎంత మంచి డ్రెస్సింగ్ వేసినా ఈ లాగుడు ఆగదు. ముందు వైపు హుక్కులు ఉండి, తీగ లేని, మెత్తని బ్రా పగలూ రాత్రీ వేసుకుంటే చాలా వరకు ఆగుతుంది. దాని కింది అంచు, కోత మధ్య సిలికాన్ ఫోమ్ ముక్కో, పలుచని మెత్తటి గుడ్డో ఉంటే చాలు.

పక్కటెముకల మీది కోత చంక కింద, సరిగ్గా లోదుస్తుల పట్టీ తగిలే చోట ఉంటుంది. అక్కడ మందమైన పట్టీ చెయ్యి కదిలినప్పుడల్లా ముడుచుకుంటుంది. పలుచని ఫోమ్, వదులైన నూలు బనియను నయం.

రొమ్ము తొలగించిన తర్వాత ఆ ప్రాంతంలో స్పర్శ తగ్గుతుంది. కింద బొబ్బ లేచినా, టేపు కోసుకుపోతున్నా నొప్పి తెలియకపోవచ్చు. కాబట్టి రోజుకొకసారి అద్దంలో చూసుకోవాలి, లేదా ఇంట్లో వారిని చూడమనాలి. లోపల చేరే రసిని బయటికి తీసే డ్రెయిన్ గొట్టం ఉన్నన్నాళ్లు దాని చుట్టూ మధ్యకు కత్తిరించిన గాజుగుడ్డను పెట్టి, గొట్టం వేలాడి లాగకుండా వేరే చోట టేపు వేసి నిలపాలి. రేడియేషన్ మొదలైతే ఆ చర్మం మీద జిగురు ఉన్నదేదీ వేయకూడదు. చర్మం చెమ్మగిల్లితే ఏది వాడాలో, చికిత్సకు ముందు దేన్ని తీయాలో రేడియేషన్ బృందాన్నే అడగాలి.

స్నానం విషయంలో వైద్యులు వేరుగా చెప్పకపోతే 48 గంటల తర్వాత షవర్ కింద నిలబడవచ్చు. నీటి ధార నేరుగా కోత మీద పడకుండా వీపు చూపించి నిలబడి, సబ్బు నురుగును పై నుంచి జారనిచ్చి, మెత్తని తువ్వాలుతో అద్దాలి, రుద్దకూడదు. తొట్టిలో మునగడం, ఈత పూర్తిగా మానేదాకా వద్దు.

కోత మానాక మచ్చ కోసం

కుట్లు తీసి, చెక్కులు రాలి, ఎక్కడా పచ్చి లేదని తేలాక పట్టీ పని మారుతుంది. 3 వారాలకు కోత దగ్గరి చర్మానికి వచ్చే గట్టిదనం మామూలు చర్మంలో సుమారు ఐదో వంతే. పైగా ఛాతీ మధ్య భాగం, భుజాలు కెలాయిడ్లు (కోత హద్దు దాటి పెరిగే గట్టి మచ్చలు), ఉబ్బు మచ్చలు ఎక్కువగా వచ్చే చోట్లు. అలాంటి మచ్చలు మునుపు వచ్చినవారు ఈ దశను నిర్లక్ష్యం చేయకూడదు.

ఇక్కడ సిలికాన్ షీటు, సిలికాన్ జెల్, పేపర్ టేపు అనే మూడు దారులున్నాయి. షీటును రోజుకు 12 గంటలకు తగ్గకుండా, కనీసం 2, 3 నెలలు వాడితేనే ఫలితం గురించి మాట్లాడవచ్చు. రోజూ తీసి కడిగి, చర్మాన్ని ఆరబెట్టి మళ్లీ అంటించాలి, లేకపోతే చెమటకాయలు వస్తాయి. సాయంత్రం వేసుకుని పొద్దున తీసేసినా గంటలు సరిపోతాయి కనుక నిలువు మచ్చ ఉన్నవారికి నేను ముందు దీన్నే చెబుతాను. చెమట ఎక్కువ పట్టేవారికి, రొమ్ముల కింది మడతలోకి మచ్చ వెళ్లినవారికి జెల్ అనుకూలం. పలుచగా రాసి, బట్ట తగిలేలోపు ఆరనివ్వాలి. పేపర్ టేపును మచ్చ వెంబడి అంటించి ఉంచితే లాగుడు తగ్గుతుంది, ఖర్చు దాదాపు ఉండదు; జిగురు పడనివారికి మాత్రం కుదరదు. మచ్చ ఎర్రగా ఉన్నన్నాళ్లు ఎండ తగలకుండా బట్టతో కప్పుకోవాలి, కుదరనప్పుడు సన్‌స్క్రీన్ రాయాలి. వీటిలో ఏది వాడుతున్నా మచ్చ గట్టిపడి ఉబ్బుతూ, దురద పెడుతూ, కోత హద్దు దాటి పక్కకు పాకుతుంటే చర్మవైద్యులను కలవాలి. కెలాయిడ్‌కు మచ్చలోకి ఇచ్చే ఇంజెక్షన్లు తొలిదశలోనే మొదలుపెడితే బాగా పనిచేస్తాయి.